ముసలి దంపతుల మీద షార్ట్‌ఫిల్మ్: చావు సీను తీసేసి కంటి చుక్కలమందు పెట్టుకోండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. చిత్తూరు దగ్గర పల్లెలో మీ సొంత తాతనూ అవ్వనూ పెట్టి 20 నిమిషాల షార్ట్‌ఫిల్మ్ తీయాలనుకుంటున్నారు. కొడుకు అమెరికాలో ఉంటాడు, ఫోన్ చెయ్యడు. చివర్లో తాత పోతాడు, అవ్వ తిన్నె మీద ఒంటరిగా కూచుంటుంది. చేతిలో 40 వేలు, ఒక ఫోను, స్నేహితుడి కెమెరా ఉన్నాయి. "చూసినవాళ్ళు ఏడవాలి, కానీ సీరియల్‌లా ఉండకూడదు. ఎలా?"

సూటిగా చెప్తాను. నిడివి 12 నిమిషాలకు కుదించండి. చావు తీసేయండి. దాని బదులు ఆ ఇద్దరి మధ్య రోజూ జరిగే ఒక్క చేతిపని పట్టుకోండి. దాన్నే నాలుగైదు సార్లు చూపించి, చివర్లో ఆ పనికి అవసరం లేకుండా చెయ్యండి. కెమెరా గురించి పడే ఆందోళన అంతా సౌండ్ మీదికి మళ్ళించండి.

చావు ఎందుకొద్దంటున్నానంటే, పాడె కనబడగానే ప్రేక్షకుడు ఏడుస్తాడు, నిజమే. కానీ అతను ఏడ్చేది వాళ్ళింట్లో పోయిన మనిషిని తల్చుకుని. మీ కథలో తాత అతనికి పరిచయమై పావుగంట కూడా కాలేదు. ఇంకో చిక్కు పూర్తిగా మన ఊళ్ళకు సంబంధించినది. మీ నటులు నిజమైన మొగుడూపెళ్ళాలు. బతికున్న తాతకు ముక్కులో దూది పెట్టి పడుకోబెడితే, పసుపుకుంకుమలతో ఉన్న అవ్వను బొట్టు లేకుండా కూచోబెడితే, ఏ అవ్వా ఒప్పుకోదు. ఆమె ఒప్పుకున్నా ఆమె కూతుళ్ళు ఒప్పుకోరు. బతిమాలి ఒప్పించినా కెమెరాలో ఆమె మొహాన కనబడేది దుఃఖం కాదు, అపశకునమన్న భయం. ఆ భయం మీ కథకు పనికిరాదు.

చేతిపని అంటే ఎలాంటిది?

ఇద్దరూ దగ్గరగా కూచోవలసి వచ్చేది, ఒకరు ఇంకొకరికి చేసేది, చేతకాకపోతే నవ్వొచ్చేది, కొన్ని వారాల్లో దానంతటది ముగిసేది కావాలి. ఈ నాలుగూ ఉన్న పని ఒకటి ప్రతి ఊళ్ళోనూ ఉంది. కంట్లో పొర తీయించుకున్నాక వేసే చుక్కలమందు. ఇది ఎవరి సొత్తూ కాదు, నచ్చితే మీరే వాడుకోండి.

శుక్లం ఆపరేషన్ అయ్యాక ఇచ్చే చీటీల్లో మామూలుగా ఒక వరస ఉంటుంది. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం ఐదు, మూడో వారం నాలుగు, అలా తగ్గుతూ ఆరో వారానికి రోజుకొక్కసారి. ఆ తర్వాత మందు లేదు. మీ కథకు ఎక్కూ దిగూ ఆ చీటీలోనే రాసిపెట్టి ఉన్నాయి. దానికితోడు కొన్నాళ్ళు తలకు పోసుకోకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, వంగి బరువులెత్తకూడదు. అంటే ఆపరేషన్ అవ్వకయితే, యాభై ఏళ్ళుగా వంటింటి గడప దాటని తాత లోపలికి పోక తప్పదు.

ఆపరేషన్ అవ్వకే పెట్టండి, మందు వేసేది తాతే కావాలి. తాతకు పెడితే అవ్వ సేవ చేస్తుంది, అది ఎప్పుడూ చేసేదే, ఎవరికీ ఏమీ అనిపించదు. పల్లెలో ఆ వయసు మొగవాడు నలుగురూ చూస్తుండగా పెళ్ళాం మొహం మీద చెయ్యి పెట్టి ఎన్నేళ్ళయి ఉంటుంది? వణికే చేత్తో చుక్క సరిగ్గా వెయ్యాలంటే ఒకటే ఉపాయం: మణికట్టు కింది భాగాన్ని రోగి నుదుటి మీద ఆనించుకోవాలి. నర్సులు నేర్పేది కూడా అదే. మీ సినిమాలో ప్రేమ అంతా ఆ ఆనింపులో ఉంది. దాన్ని మొదటి సీన్లోనే ఇచ్చేయకండి. మొదటి వారం చుక్క ముక్కు మీద పడాలి, చెంప మీద పడాలి, చెవిలోకి పోవాలి. మూడో వారంలో అతనికి ఆ ఉపాయం చేతికి దొరకాలి.

ఇంకో లాభం చూడండి. మందు చుక్క కంట్లోంచి జారి చెంప మీదికొస్తుంది. అవ్వ ఏడవదు, ఏడవక్కర్లేదు. చూసేవాళ్ళకు మాత్రం అది కన్నీరులా కనబడుతుంది. గ్లిజరిన్ ఏడుపుకన్నా ఇది వంద రెట్లు నయం.

12 నిమిషాల లెక్క

పేజీకి నిమిషం అనే లెక్క డెబ్బై దాటిన వాళ్ళతో కుదరదు. లేవడానికి టైం పడుతుంది, చెప్పులు కాలికి తగలడానికి టైం పడుతుంది. పేజీకి నిమిషంన్నర వేసుకోండి, అంటే 8 పేజీలు. పంచుకోవడం సుమారుగా ఇలా:

మొదటిరోజు మందు వెయ్యడం, గురి తప్పడం: నిమిషంన్నర. తాత సంగటి కెలకడం: రెండున్నర. మూడో వారం, చెయ్యి నుదుటి మీద ఆనడం: రెండు. కొడుకు ఫోన్: ఒకటిన్నర. ఐదో వారం పోట్లాట, అవ్వ తనంతట తనే వేసుకోబోయి సీసా ఒలకబోసుకోవడం: రెండు. ఏడో వారం: రెండు. టైటిల్స్‌కు అర నిమిషం.

సంగటి సీను మీద బాగా కష్టపడండి, ఎందుకంటే నవ్వు అక్కడే ఉంది. మొదటి మూడు నాలుగు నిమిషాల్లో ప్రేక్షకుడు ఒక్కసారైనా నవ్వకపోతే చివర్లో అతని గొంతు పట్టుకోదు. నల్లద్దాలు పెట్టుకున్న అవ్వ గడప బయట పీట మీద కూచుంటుంది. ఆమెకు లోపల జరిగేది కనబడదు. వాసనతో, చప్పుడుతో కనిపెడుతుంది. బియ్యం మెత్తగా ఉడకాలి, పైన రాగిపిండి కుప్పగా పొయ్యాలి, కదపకుండా కాసేపు మగ్గనివ్వాలి, తర్వాతే తెడ్డు (అక్కడి మాటలో కట్టె) పెట్టాలి. తాత తొందరపడి పిండి పొయ్యగానే కెలుకుతాడు, గడ్డలు కడుతుంది. తెడ్డు చప్పుడు విని అవ్వ బయటినుంచే "అప్పుడే పెట్టినావా కట్టె?" అంటుంది. ఈ సీనును కట్టెల పొయ్యి మీద తీయాలని మనసు లాగుతుంది, పొగ అందంగా ఉంటుంది మరి. వద్దు. ముసలి కళ్ళకు పొగ పడదు, పైగా ఒక్కో టేకుకు మంట ఒక్కో ఎత్తున ఉంటుంది. గ్యాస్ పొయ్యి మీదే కానివ్వండి. సంగటి మాత్రం నిజంగా చెయ్యాలి. మూడు టేకులకు మూడు గిన్నెల అన్నం ముందే ఉడికించి పెట్టుకోండి.

చివరి సీను. ఏడో వారం, రోజూ మందు వేసే వేళ. మందు అయిపోయింది. అవ్వ వచ్చి అదే కుర్చీలో కూచుని తల వెనక్కి వాలుస్తుంది. మర్చిపోయిందో, కావాలనే కూచుందో చెప్పకండి. తాత అలవాటుగా గూట్లో చెయ్యి పెడతాడు, ఖాళీ. తర్వాత ఏం చేస్తాడన్నది మీ ఇష్టం. నన్నడిగితే సీసా లేకుండానే చెయ్యి నుదుటి మీద ఆనించాలి. వెంటనే కట్ చెయ్యకుండా పది లెక్కపెట్టుకుని అప్పుడు చీకటి చెయ్యండి.

మాటలు

స్క్రిప్టును పుస్తకం తెలుగులో రాసి వాళ్ళచేత అప్పజెప్పించొద్దు. మీ స్క్రిప్టులో తాత "నువ్వు లేని జీవితం నాకు శూన్యం" అంటాడని రాశారు. చిత్తూరు జిల్లాలో ఏ తాతా ఆ మాట అనడు. పరిస్థితి చెప్పండి, మాటలు వాళ్ళవే రానివ్వండి. ఇలాంటివి వస్తాయి:

"పైకి చూడు మే."
"చూస్తానే ఉండా. నువ్వు యేస్తే గదా."
"కదలగాకు."
"నేను కదల్లా. నీ చెయ్యే కదల్తా ఉండాది."

ఈ నాలుగు ముక్కల్లో వాళ్ళ వయసూ ఉంది, చనువూ ఉంది. ఆ తరం ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు, "ఇదో", "ఏమయ్యా" అంటారు. అతను "మే", "ఏమే" అంటాడు. మీ ఇంట్లో ఏది నడుస్తుందో అదే ఉంచండి. హైదరాబాదు స్నేహితులెవరో "యాస అర్థం కాదు" అంటే పట్టించుకోకండి, అర్థమవుతుంది.

కొడుకును దుర్మార్గుణ్ణి చెయ్యకండి. ఫోన్ చెయ్యని కొడుకు పాతబడిపోయాడు, పైగా చూసేవాళ్ళలో సగం మంది అలాంటి కొడుకులూ కూతుళ్ళే, తప్పు వాళ్ళ మీదికి పోగానే తలుపు మూసుకుంటారు. ఫోన్ రానివ్వండి. సరిగ్గా మందు వేసే సమయానికే రావాలి. తాత చేతులు ఖాళీ లేవు. ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. "ఎవురు?" "పెద్దోడు. మల్లా చేస్తాడ్లే." అంతే. వాళ్ళిద్దరికీ ఆ క్షణంలో కొడుకుకన్నా ముఖ్యమైన పని ఉందని ప్రేక్షకుడికి తెలుస్తుంది.

పెద్దవాళ్ళతో పని చెయ్యడం

ఎక్కువ సినిమాలు చెడేది ఇక్కడే.

రోజంతా షూటింగ్ పెట్టొద్దు. పొద్దున 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 6. మధ్యలో వాళ్ళు తినాలి, మాత్రలు వేసుకోవాలి, పడుకోవాలి. షుగర్ ఉంటే టిఫిన్ 8 దాటనివ్వకండి. "ఈ ఒక్క షాట్ అయిపోనీ" అని ఆపితే ఆ షాట్ ఎలాగూ బాగుండదు. ఈ లెక్కన 8 పేజీలకు నాలుగు రోజులు పడుతుంది. ఒక్కరోజులో లాగేద్దామనుకుంటే మధ్యాహ్నానికే మొహాలు వాడిపోతాయి, వాడిన మొహం కెమెరాకు దుఃఖంలా కాదు, విసుగులా కనబడుతుంది.

నటన తెలియని వాళ్ళకు మొదటి టేకే మంచి టేకు. రెండోది దానికి నకలు. మూడో టేకులో వాళ్ళు మీ మొహం చూస్తూ బాగా చేశామా అని అడుగుతుంటారు. కాబట్టి రిహార్సల్ చెయ్యకండి. వాళ్ళ బదులు మీ బృందంలో ఇద్దరిని కూచోబెట్టి ఫోకస్, వెలుగు, మైకు అన్నీ సరిచూసుకుని, అప్పుడు పిలవండి. క్లాప్ కొట్టి "యాక్షన్" అని అరవకండి, ఆ మాటకు వెన్ను నిటారుగా చేసుకుంటారు. ముందే రికార్డింగ్ నొక్కి "ఏం తాతా, మందు టైం అయినట్టుందే" అనండి. క్లాప్ చివర్లో కొట్టుకోండి, ఎడిటింగ్‌లో సరిపోతుంది.

కూచుని ఊరికే మాట్లాడుకోమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకు తెలియదు. ప్రతి సీన్లో చేతికి పని ఇవ్వండి. చింతపండు గింజలు తియ్యడం, టార్చిలైటు బ్యాటరీలు తిప్పి పెట్టడం, చీటీ మీద ఒక్కో పూటా పెన్సిల్‌తో కొట్టేయడం.

మందు విషయంలో మాత్రం ఒకటే నియమం: ఎవరి కంట్లోనూ ఏమీ వెయ్యొద్దు. ఉత్త నీళ్ళు కూడా. కొత్త ప్లాస్టిక్ చుక్కల సీసా ఖాళీ చేసి, లేబుల్ పీకి వాడండి. కెమెరాను పక్కనుంచి పెడితే సీసా కంటికి అంగుళం ఇవతలే ఉన్నా పైనే ఉన్నట్టు కనబడుతుంది. జారే చుక్క వేరే షాట్. దూదిపుల్లతో కంటి చివరికి వేలెడు దిగువన, చెంప ఎముక మీద నీటిచుక్క పెట్టండి. ఉత్త నీరయితే సర్రున జారిపోతుంది, అందులో కాస్త గ్లిజరిన్ కలిపితే నెమ్మదిగా దిగుతుంది. కంట్లోకి పోతే గ్లిజరిన్ మండుతుంది, అందుకే చెంప మీదే. మీ అవ్వకు నిజంగానే ఈమధ్య ఆపరేషన్ అయి ఉంటే డాక్టరు సరేననే దాకా షూటింగే పెట్టుకోకండి.

నల్లద్దాల్లో కెమెరా, దాని వెనక మీరు, మీ వెనక కిటికీ అన్నీ కనబడతాయి. అద్దాల కాడలను చెవుల మీద అర అంగుళం పైకి ఎత్తి పెడితే అద్దం కిందికి వాలి ప్రతిబింబం తప్పుకుంటుంది. ఇంకా కనబడితే కెమెరా మీద నల్లగుడ్డ కప్పండి, మీరూ నల్లచొక్కా వేసుకోండి.

కంటిన్యుటీలో, అంటే ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మనిషి వాలకం తేడా రాకుండా చూసుకోవడంలో, అందరూ చీర గుర్తుపెట్టుకుంటారు, గడ్డం మర్చిపోతారు. తాత తెల్లగడ్డం రెండురోజుల్లో కనబడేంత పెరుగుతుంది. ఆరు వారాల కథ కాబట్టి దాన్ని మీ లాభానికే వాడుకోవచ్చు, ఏ రోజు గీయించాలో రాసుకోండి. నామమో విభూతో పెట్టుకునే మనిషయితే ప్రతి షాట్‌కు ముందు ఫోన్లో ఫొటో తీసి పోల్చుకోండి. అవ్వకు చీర మార్చడానికి పావుగంట పడుతుంది, రవికె మారిస్తే అరగంట. ఒకే రవికె మీద నప్పే మూడు చీరలు చాలు. తాతకు తువ్వాలు మారిస్తే రోజు మారినట్టే.

కెమెరా, వెలుగు

కెమెరా కూచున్న మనిషి కంటి ఎత్తున, నేలనుంచి సుమారు మూడడుగుల దగ్గర ఉండాలి. మీరు నిలబడి తీస్తే ముసలివాళ్ళను పైనుంచి జాలిగా చూసినట్టుంటుంది. మీకు తెలియకుండానే సినిమా అంతా ఆ చూపు పాకుతుంది.

మందు వేసే సీన్లన్నిటికీ ఒకే ఫ్రేము పెట్టండి, పక్కనుంచి, ఏడెనిమిది అడుగుల దూరంలో, ఇద్దరూ కనబడేలా. వెలుగూ తువ్వాలూ మారతాయి, ఫ్రేము మారదు. అప్పుడే చివర్లో సీసా లేదన్నది మనకు తడుతుంది. ట్రైపాడ్ కాళ్ళ దగ్గర నేలమీద టేపు అంటించండి. ముగ్గుపిండితో గుర్తు పెడితే మర్నాడు పొద్దున ఎవరో ఒకరు ఊడ్చేస్తారు. దగ్గరి షాట్లు మూడో వారం సీను నుంచే మొదలుపెట్టండి.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బు మినుకుమనడం చాలావరకు పోతుంది. ఫోనులో అయితే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, అందులో ఇవి కట్టడి చెయ్యొచ్చు. అల్ట్రావైడ్ లెన్సు మొహాల దగ్గర వాడకండి, ముక్కు ముందుకొస్తుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) లాక్ చెయ్యండి, లేకపోతే తెల్లపంచె ఫ్రేములోకి రాగానే మొహం నల్లబడుతుంది. ఆ పంచెకు ఇంకో మందుంది. పలచటి టీ డికాక్షన్లో ముంచి ఆరేస్తే కంటికి తెలుపే, కెమెరాలో మాత్రం మరీ తెల్లగా మెరవదు.

కిటికీ వెలుగు చాలు. కిటికీకి అడ్డంగా పాత పంచె కడితే మెత్తబడుతుంది. రెండోవైపు థర్మోకోల్ షీటు పెట్టి వెలుగు కొట్టించొచ్చు, కానీ ముడతలన్నీ చెరిపేసేంత పెట్టకండి. ఒక చెంప కాస్త చీకట్లోనే ఉండనివ్వండి.

ఎప్పుడు తీయాలన్నది మన జిల్లాల్లో పెద్ద విషయమే. ఏప్రిల్ చివర్లో తిరుపతి, చిత్తూరు వైపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, లోతుకుపోయిన ముసలి కళ్ళు రెండు నల్లగుంటల్లా కనబడతాయి. ఎండకు పెద్దవాళ్ళు తట్టుకోలేరు కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఏ రోజు ఆకాశం ఎలా ఉంటుందో చెప్పలేం. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడి మైకులు. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి చివరిదాకా ఉన్న నెలన్నరే మీ కాలం. వెలుగు ఏటవాలుగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, ఫ్యాన్ లేకుండా కూచోగలరు.

సౌండ్

ఫ్యాన్ మాట ఇందుకే ఎత్తాను. ఫోనుతో తీసిన బొమ్మను క్షమిస్తారు, వినబడని మాటను క్షమించరు. ఫ్యాన్ కట్టేయండి. ఫ్రిజ్ కట్టేయండి, మళ్ళీ వెయ్యడం మర్చిపోకుండా మీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, తాళాలు లేనిదే ఇల్లు కదలరు కదా. బోరు మోటారు టైమింగు పక్కింటివాళ్ళను ముందురోజే అడిగి పెట్టుకోండి.

అవ్వకు కాలర్ మైకు పైట కింద, రవికె మెడ అంచున పెట్టాలి. పైటకే పెడితే రాపిడి చప్పుడు, అందునా జరీ అంచయితే ఇసుక రాలినట్టు గరగర. నూలు చీరలే కట్టించండి. గాజులు సగం తీయించమంటే ఆమెకు నచ్చకపోవచ్చు, వెనకవైపు కనబడకుండా దారంతో కట్టేస్తే చప్పుడు ఆగుతుంది. తాత చొక్కా లేకుండా ఉంటే కాలర్ మైకు పెట్టే చోటుండదు, కర్రకు కట్టిన మైకును ఫ్రేముకు పైనుంచి నోటికి రెండడుగుల్లోపు దింపండి. కర్ర పట్టుకునేవాడు ఇంకే పనీ చెయ్యకూడదు, హెడ్‌ఫోన్ వేసుకుని వినడమే అతని పని. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రికార్డరు మీటరు మీద గొంతు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. ముసలి గొంతులు హఠాత్తుగా లేస్తాయి, ఆ జాగా వదలండి.

ప్రతి గదిలో, ప్రతి పూటా, అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చెయ్యండి. పల్లెలో పొద్దుటి నిశ్శబ్దం వేరు, సాయంత్రపు నిశ్శబ్దం వేరు. మాటల మధ్య ఎడిటింగ్‌లో పడే గుంతలు పూడ్చేది ఇదే. చుక్కల సీసా మూత తిప్పే చప్పుడు, గూట్లో చెయ్యి తడిమే చప్పుడు, తెడ్డు గిన్నె అడుగున తగిలే చప్పుడు, ఈ మూడూ షూటింగ్ అయ్యాక దుప్పట్లు పరిచిన గదిలో దగ్గరనుంచి విడిగా పట్టండి. చుక్క పడినప్పుడు మాత్రం "టప్" మనిపించకండి. కంట్లో పడే చుక్కకు చప్పుడుండదు.

తిరుపతి సీన్ల గురించి

స్క్రిప్టులో కొండ మీద ఒక సీను, డ్రోన్ షాటు రాసుకున్నారు. తిరుమలలో సినిమా షూటింగులు కుదరవు, డ్రోన్లు నిషేధం, గుడి లోపలికి ఫోనే తీసుకెళ్ళనివ్వరు. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ కిందిది, ముందుగా అనుమతి కావాలి. రైల్వేస్టేషన్‌కూ అంతే. దొంగతనంగా తీద్దామనే ఆలోచన ముసలివాళ్ళను వెంటబెట్టుకుని చెయ్యదగ్గది కాదు. కొండ కావాలంటే శేషాచలం కనబడే ఏ పొలం గట్టయినా చాలు. అవ్వ నల్లద్దాలతో అటు తిరిగి "కొండ కనపడతా ఉండాదా నీకు?" అని తాతనడిగితే, కొండెక్కిన దానికన్నా ఎక్కువే దక్కుతుంది.

సంగీతం, ఎడిటింగ్

వయొలిన్ వద్దు. అసలు సంగీతమే లేకుండా ఒకసారి చూసుకోండి, ఎక్కువసార్లు అదే బాగుంటుంది. రేడియోలో పాత సినిమాపాట పెడితే యూట్యూబ్ పట్టుకుంటుంది. అన్నమయ్య సంకీర్తన పెడతారేమో, సాహిత్యం 15వ శతాబ్దానిది కాబట్టి దాని మీద ఎవరికీ హక్కు లేదు. అయితే ఇప్పుడు పాడుతున్న వరుసలు చాలావాటిని కట్టింది ఇటీవలి విద్వాంసులు, వాటికీ రికార్డింగులకూ హక్కులు వేరు. మన చట్టంలో రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అవ్వే పని చేసుకుంటూ తనకొచ్చిన జోలపాటో సువ్విపాటో కూనిరాగం తీస్తే ఈ గొడవే లేదు.

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ఫోను వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండకపోవచ్చు, విడిగా పట్టిన సౌండు మెల్లగా పెదాలనుంచి జారిపోతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకుని మొదలుపెట్టండి. స్లోమోషన్, పాత రంగు ఫ్లాష్‌బ్యాక్, పెళ్ళిఫొటో మీదికి జూమ్, ఈ మూడూ ముందే మానేయండి. మొదటి కూర్పు 16 నిమిషాలు వస్తుంది. కోసేటప్పుడు మాటలు కొయ్యండి, మౌనాలు కొయ్యకండి. చివరి మిక్సు మైనస్ 14 లఫ్స్ (LUFS, చెవికి వినబడే గట్టితనం కొలత) దగ్గర ఉంచండి. అంతకన్నా గట్టిగా ఉంటే యూట్యూబ్ తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే మాత్రం పెంచదు.

డబ్బు

40 వేలను నేనయితే ఇలా పంచుతాను. మైకులు, రికార్డరు అద్దె, సౌండు మిక్సు కలిపి 14 వేలు. నాలుగు రోజుల తిండి, బండ్లు 10 వేలు. తాతకూ అవ్వకూ 10 వేలు, సొంతవాళ్ళయినా సరే, చివరిరోజు సాయంత్రమే చేతిలో పెట్టండి. మెమరీ కార్డులు, ఇంకో కాపీకి హార్డ్‌డిస్కు 4 వేలు. 2 వేలు విరిగేవాటికి. కెమెరా అద్దెకు ఒక్క రూపాయీ వద్దు, ఉన్నదానితో కానివ్వండి.

అనుమతి పత్రం తెలుగులో ఒక పేజీ రాసి, గట్టిగా చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. యూట్యూబ్‌లో ఎవరైనా చూడొచ్చనీ, ఎవరైనా ఏమైనా రాయొచ్చనీ అందులో ఉండాలి. సినిమా అయ్యాక ముందు వాళ్ళకే చూపించండి. ఫోన్లో కాదు, టీవీకి తగిలించి, వాల్యూము పెంచి. రవికె చిరుగు కనబడిందనో, నోట్లో పళ్ళు లేనిది దగ్గరగా చూపించారనో అవ్వ ఒక షాటు తీసెయ్యమంటే, అది మీ సినిమాలో అన్నిటికన్నా మంచి షాటయినా సరే, తీసెయ్యండి.